సంతానం కోరే పురుషులకు చైనా మూలికలు

పెండ్లి అయి మూడేండ్లు గడిచినా కడుపు పండకపోతే మన ఇండ్లలో అందరి చూపూ మొదట కోడలి మీదనే పడుతుంది. మొక్కులు ఆమెకే, ఉపవాసాలు ఆమెకే, పరీక్షలూ మందులూ ఆమెకే. కొడుకు మాట ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తినా, "మా వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు" అన్న ఒక్క మాటతో సరి. బరంపురంలో ఉన్నా, షోలాపురంలో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, మదురైలో ఉన్నా, యానాంలో ఉన్నా మన కుటుంబాలలో ఈ అలవాటు మాత్రం ఒక్క తీరుగానే ఉన్నది.

ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇట్టి విషయమా అని కొందరు పెద్దలు అనవచ్చును. దాచిపెట్టినందువల్లనే కదా ఇన్ని కాపురాలు మౌనంగా నలిగిపోతున్నవి! కాబట్టి మర్యాద తప్పకుండా, అయితే సంగతి దాచకుండా, ఈ నెల దీనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం, వయసు వచ్చినవారిలో రమారమి ఆరుగురికి ఒకరు తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానం కలగక ఇబ్బంది పడుతున్నారు. అట్టి జంటలలో సుమారు సగంమంది విషయంలో పురుషుని వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. అనగా కోడలికి మాత్రమే పరీక్షలు చేయించడం, రెండెద్దుల బండి కదలకపోతే ఒక్క ఎద్దునే అదిలించడం వంటిది.

పురుషుని వైపు కారణాలు పలు రకాలు. వాటిలో ఒక చిత్రమైన రకాన్ని గూర్చి ఇప్పుడు చెబుతాము. ఎందుకంటే దానికి చైనా మూలికలు బాగా పనిచేస్తాయన్న మాట ఒకటి ప్రచారంలో ఉన్నది. ఇంట్లో కూర్చునే ఆ మాత్రలు తెప్పించుకునే వీలు కూడా నేడు వచ్చింది. మింగేముందు అవి ఏమిటో తెలుసుకోవడం మంచిది.

మన ఒంట్లో రోగనిరోధక శక్తి అనే కావలివాడు ఒకడున్నాడు. బయటినుంచి వచ్చిన రోగక్రిములను పట్టి మట్టుపెట్టడం వాని పని. ఇంటివారెవరో, పైవారెవరో వాడు పసితనంలోనే నేర్చుకుంటాడు. వీర్యకణాలు మాత్రం యౌవనం వస్తేగాని పుట్టవు. అంటే కావలివాడు ఇంట్లో అందరినీ గుర్తుపట్టడం నేర్చుకున్న ఎన్నో ఏండ్లకు ఆ ఇంటికి వచ్చిన ఇల్లరికపుటల్లుని వంటివన్నమాట. కావలివానికి ఈ కొత్త మనిషి తెలియడు. అందుకని ప్రకృతి ఆ అల్లుణ్ణి లోపలి గదిలో ఉంచి తలుపు వేసింది. వృషణాలలోని సన్నని నాళాల గోడలలో సెర్టోలీ కణాలు అనేవి ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఈ తలుపు పని చేస్తాయి. రక్తంలోని కావలివారు లోపలికి పోరు. లోపలివి రక్తంలోకి రావు.

ఎప్పుడైనా ఈ తలుపు బీటలు వారిందనుకోండి. ఆటలలో గట్టి దెబ్బ తగిలినా, వృషణం మెలిపడినా, అక్కడ క్రిములు చేరి వాచినా, ఏదైనా శస్త్రచికిత్స జరిగినా అట్లా కావచ్చును. వేసక్టమీ చేయించుకున్నవారిలోనైతే సగానికి పైగా ఇది కనబడుతుంది. కొందరిలో ఏ కారణమూ దొరకదు. కావలివాడు వీర్యకణాలను చూసి, ఎవరో దొంగలు పడ్డారనుకొని, వాటిమీదికి యాంటీబాడీలు అనే ఆయుధాలను పంపుతాడు. అవి వీర్యకణాలకు అతుక్కుంటాయి. కణాలు ఒకదానికొకటి అంటుకొని గుంపులు కడతాయి. గర్భాశయ ద్వారంలోని జిగురులో చిక్కుకొని ముందుకు పోలేవు. పోయినా స్త్రీ అండాన్ని పట్టుకోలేవు. మనిషి చూడడానికి గుండ్రాయిలానే ఉంటాడు. సంసారంలో ఏ లోటూ కనబడదు. కణాల లెక్క కూడా సరిగానే ఉండవచ్చును.

వీర్యకణాలను జంతువుల ఒంట్లోకి ఎక్కిస్తే వాటికి విరుగుడు పుడుతుందని 1899లోనే లాండ్‌స్టైనరు మొదలైన శాస్త్రజ్ఞులు చూపించారు. సంతానం లేని పురుషుల రక్తంలోనే ఇట్టి విరుగుడు ఉండగలదని 1954లో ఆంస్టర్‌డాం నగరంలో రుంకే అనే ఆయనా, వేరుగా విల్సన్ అనే ఆయనా ప్రకటించారు. ఇప్పుడు దీనికి తేలికైన పరీక్ష ఉన్నది. యాంటీబాడీలను పట్టుకునే సన్నని పూసలను వీర్యంలో కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కదిలే కణాలలో సగానికి మించి పూసలు అతుక్కుంటే దీనిని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. అయితే ఒక మాట. యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. అవి ఉండి కూడా, ఏ మందూ లేకుండా తండ్రులైనవారు ఉన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు దీనితో పని ఉన్నది.

ఇక చైనా సంగతి. ఆ దేశపు వైద్యానికి మూలగ్రంథమైన హ్వాంగ్‌దీ నైజింగ్ రెండు వేల ఏండ్లనాటిది. మనిషి పుట్టుకకు మూలమైన సారం మూత్రపిండాలలో నిలువ ఉంటుందని అందులో చెప్పారు. మగవాని జీవితాన్ని ఎనిమిదేసి ఏండ్ల చొప్పున లెక్కించారు. ఎనిమిదో ఏట పళ్ళు మారతాయి; పదహారో ఏట బీజం వస్తుంది, సంతానం కలగగలదు; అరవైనాలుగో ఏట పళ్ళూ జుట్టూ పోతాయి అని. వారు చెప్పే మూత్రపిండం నేటి డాక్టరు చూపే అవయవం ఒక్కటే కాదు. అది ఒక శక్తికి పెట్టిన పేరు. మన ఆయుర్వేదంలో శుక్రధాతువు, వాజీకరణం అన్న మాటలు విన్నవారికి ఈ తీరు కొత్తగా తోచదు. గమనించవలసిందేమంటే, సంతానం కలగడంలో పురుషుని పాలును ఆ ప్రాచీనులు విడిగా లెక్కకట్టారు. భారమంతా స్త్రీ మీద వేయలేదు.

ఈ భావం మీద కట్టిన మందులలో రెండు మిక్కిలి పేరుపడినవి. ఒకటి ల్యూ వే దీ హ్వాంగ్ అనే ఆరు మూలికల మాత్ర. సుంగు వంశపు కాలంలో చ్యెన్ యీ అనే పిల్లల వైద్యుడు చెప్పినది, 1119లో గ్రంథస్థమైనది. మాడు పూడని పసిపిల్లల కోసం పుట్టిన మందు ఇది! రెహ్మానియా వేరు ఎనిమిది పాళ్ళు, కార్నస్ పండు నాలుగు, మన పెండలానికి బంధువైన ఒక దుంప నాలుగు, ఇంకా మూడు దినుసులు మూడేసి పాళ్ళు. దీనికే మరి రెండు మూలికలు చేర్చి, "లోపలి వేడి" ఎక్కువగా ఉన్నదనుకున్న పురుషులకు ఇస్తారు. రెండోది ఊ జ్ యెన్ జుంగ్ అనే మాత్ర. ఆ పేరుకు వంశాన్ని నిలిపే ఐదు గింజలని అర్థం. ఇందులో గోజీ పండు వంకాయ కుటుంబానిది. మరొకటి చెట్లను అల్లుకొని బతికే బంగారుతీగ జాతి విత్తనం. ఇంకొకటి మన ఇసబ్గోలుకు దాయాది. బీజానికి బీజమే మందు అన్న ఊహ ఇందులో కనబడుతుంది.

ఆ పూర్వులకు యాంటీబాడీలు తెలియవు. అది వారి తప్పు కాదు. అప్పటికి ఎవరికీ తెలియవు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో పాత కొత్త వైద్యాలు రెండూ చదివిన చైనా డాక్టర్లు ఈ జబ్బును పాత గూళ్ళలో సర్దారు. కొందరిలో వేడి ఎక్కువన్నారు. కొందరిలో తేమ, వేడి కలిశాయన్నారు. కొందరిలో రక్తం గడ్డకట్టినట్టు నిలిచిందన్నారు. కొందరిలో బలం తక్కువన్నారు. ఒక్కొక్క గూటికి ఒక్కొక్క కషాయం. ఆస్ట్రాగలస్ వేరు, తాన్ షెన్ అనే ఎర్ర వేరు, అతిమధురం తరచుగా ఈ చీటీలలో కనబడతాయి.

మరి గుణం ఉన్నదా? చైనాలో ప్రచురించిన ప్రయోగాలు చాలా ఉన్నవి. యాంటీబాడీలు తగ్గినవనీ, కొందరికి పిల్లలు కలిగారనీ వాటిలో రాశారు. అయితే ఆ ప్రయోగాలలో ఎక్కువ భాగం చిన్నవి. ఎవరికి మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త మాత్ర ఇచ్చారో రోగికీ వైద్యునికీ తెలియకుండా నడిపినవి తక్కువ. కాగితం మీద యాంటీబాడీ తగ్గిందా అని చూసినవి ఎక్కువ. తొట్టెలో బిడ్డ పడిందా అని చివరిదాకా చూసినవి తక్కువ. పైన గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికివస్తుంది. యాంటీబాడీలు వాటంతట అవే పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. మందు లేకుండానే కొందరికి పిల్లలు పుడతారు. మందు తిన్న నూరుమందిలో కొందరికి పుట్టారంటే, తినని నూరుమందిలో ఎందరికి పుట్టారో చెప్పనిదే ఆ లెక్కకు అర్థం లేదు. వాన కురిసిన తరువాత మాది ఫలించిన యజ్ఞమని ఎవరైనా చెప్పుకోవచ్చును.

మూలికలంటే మాకు చులకన భావం లేదు. మలేరియాకు నేడు ప్రపంచమంతా వాడే ఆర్టెమిసినిన్ చైనా మూలిక నుంచే వచ్చింది. వేడి చేయకుండా ఆకు పిండి రసం తాగమని ఒక పాత గ్రంథంలో ఉన్న సూచనను పట్టుకొని, తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు 1970 ప్రాంతాల్లో ఆ సారాన్ని తీశారు. ముందు తాము తిని చూసి, తరువాత రోగులపై పరీక్షించారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ మూలిక పరీక్షకు నిలిచి మందయింది. మనం మాట్లాడుకునే ఈ కషాయాలు ఇంకా ఆ పరీక్ష దాటలేదు. తేడా అంతే.

"దాటకపోతే పోనీయండి, మూలికలే కదా, మేలు లేకపోయినా కీడు ఉండదు" అనేవారు మనలో చాలామంది. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఆ మాటే.

చైనాలో లే గుంగ్ తెంగ్ అనే తీగ ఉన్నది. ఉరుముల దేవుని తీగ అని ఆ పేరుకు అర్థం. దాని వేరు రోగనిరోధక శక్తిని గట్టిగా అణచివేస్తుంది. అందుచేత కీళ్ళవాతానికి అక్కడ విరివిగా ఇస్తారు. ఆలోచిస్తే మన జబ్బుకు కూడా ఇది సరిపోయినట్టే కనబడుతుంది గదా! కావలివాడు అల్లుని మీద పడుతున్నాడు. కావలివానికి కళ్ళెం వేస్తే సరి. కాని 1980 తరువాతి ఏండ్లలో చైనా వైద్యులు ఏమి గమనించారంటే, ఈ మందు చాలాకాలం తిన్న మగవారిలో వీర్యకణాలు తగ్గిపోతున్నవి, ఉన్నవాటికీ కదలిక పోతున్నది. దీనినే మగవారికి సంతాన నిరోధక మందుగా వాడవచ్చునా అని పరిశోధనలు నడిచాయి. 2021లో దీనిలోని ట్రిప్టోనైడ్ అనే పదార్థంతో ఎలుకలకూ కోతులకూ ఆ గుణం కలిగించి చూపారు. కావలివానికి కళ్ళెం వేసే మూలికే అల్లుణ్ణి ఇంటినుంచి వెళ్ళగొట్టింది. పిల్లల కోసం తిన్న మందు పిల్లలు లేకుండా చేసే మందయితే ఇంకేమున్నది?

మరొకటి వినండి. తేమ, వేడి కలిసిన రకానికి లుంగ్ తాన్ శ్యే గాన్ అనే మందు ఇస్తారు. దానిలో ము తుంగ్ అనే తీగ ఒక దినుసు. దాని స్థానంలో గ్వాన్ ము తుంగ్ అనే వేరొక తీగ చేరింది. పేరు దాదాపు అదే. మొక్క మాత్రం వేరు. ఆ రెండోది ఆరిస్టొలోకియా జాతిది. అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, కాన్సరు కూడా కలిగిస్తుంది. ఎందరికో మూత్రపిండాలు చెడిన తరువాత, 2003లో చైనా ప్రభుత్వం దానిని నిషేధించింది. అంతకు ముందే బెల్జియం దేశపు బ్రస్సెల్సు నగరంలో, ఒళ్ళు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల పొడిలో ఇట్లాగే ఒక పేరుకు బదులు మరొక పేరు వచ్చి పడి, నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడినవి. వైద్యులు ఆ సంగతి 1993లో బయటపెట్టారు. మన పల్లెలలో ఈశ్వరి అని పిలిచే తీగ కూడా ఆ ఆరిస్టొలోకియా కుటుంబానిదే అని తెలిసినవారు తక్కువ.

అతిమధురం మన ఇండ్లలో పిల్లల దగ్గుకు చప్పరించేదే. రోజూ ఎక్కువగా తింటే అదికూడా రక్తపు పోటును పెంచుతుంది, పొటాసియం అనే లవణాన్ని తగ్గిస్తుంది. తాన్ షెన్ వేరు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందుతో కలిస్తే రక్తస్రావం కావచ్చును. ఇవిగాక, మూలికల మాత్రలలో పైకి చెప్పకుండా స్టిరాయిడ్ పొడి కలిపిన దాఖలాలు పలుచోట్ల ఉన్నవి. "తినగానే గుణం కనిపించింది" అన్నప్పుడు సంతోషించడం కన్న సందేహించడం మేలు.

అయితే దారి లేదా? ఉన్నది. ఒకప్పుడు డాక్టర్లు కూడా స్టిరాయిడ్లు పెద్ద మోతాదులో ఇచ్చి యాంటీబాడీలను అణచజూశారు. ఫలితం ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు. కొందరికి తుంటి ఎముక చచ్చుబడింది. అందుచేత ఆ పద్ధతిని చాలావరకు వదిలారు. ఇప్పుడు వీర్యాన్ని కడిగి నేరుగా గర్భాశయంలోకి ఎక్కించే పద్ధతి ఉన్నది. అది కుదరకపోతే ఒక్క వీర్యకణాన్ని సన్నని సూదితో అండంలోకి ప్రవేశపెట్టే పద్ధతి ఉన్నది. ఈ రెండోది 1992లో అదే బ్రస్సెల్సు నగరం నుంచే లోకానికి వెల్లడి అయింది. అల్లుణ్ణి కావలివాని కంట పడకుండా దొడ్డిదారిన తీసుకుపోవడం వంటిది. ఖర్చు ఎక్కువ, ప్రతిసారీ ఫలిస్తుందని హామీ లేదు. కాని అది ఏమి చేస్తుందో, నూటికి ఎందరికి ఫలిస్తుందో అడిగితే చెప్పగలరు.

మన చదువరులకు మా మనవి ఇది.

మొదటిది, ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. భార్యకు ముప్పయి అయిదు దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. వీర్య పరీక్షలో నొప్పి లేదు, కోత లేదు. స్త్రీకి చేసే పరీక్షలన్నిటికన్న తేలిక. ఒకసారి తేడా వస్తే బెంగపడక మరొకసారి చేయించాలి. యాంటీబాడీ పరీక్ష అందరికీ అక్కరలేదు. కణాలు గుంపులు కడుతున్నా, పూర్వం దెబ్బ, వాపు, ఆపరేషను ఉన్నా డాక్టరును అడగాలి.

రెండోది, మూలికల మందు మీద నమ్మకం ఉంటే ఇచ్చేవారిని నాలుగు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏయే మూలికలు ఉన్నవి? ఎన్ని నెలలు తినాలి? గుణం లేదని ఎప్పుడు ఒప్పుకుంటారు? మూత్రపిండాలకూ కాలేయానికీ మధ్యమధ్య రక్తపరీక్ష చేయిస్తారా? "అది మా వంశ రహస్యం" అన్న జవాబు వస్తే నమస్కారం పెట్టి లేచి రండి. వాడుతున్నట్టయితే మీ డాక్టరుకు దాచకండి.

మూడోది, కాలం. ఒక వీర్యకణం తయారవడానికి రమారమి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఏ మందైనా మూడు నెలలు చూడాలనడంలో న్యాయం ఉన్నది. ఆ మూడు, మరి మూడు, ఇంకొక ఆరు అంటూ ఏండ్లు గడపడంలో న్యాయం లేదు. మందు తినేది మగవాడైనా, ఆ ఏండ్లు కరిగిపోయేది ఆడదాని వయసులో. ఆమె అండాలు ఎవరి కోసమూ ఆగవు.

నాలుగోది అత్తగార్లకూ, ఆడబిడ్డలకూ, ఇరుగుపొరుగు అమ్మలకూ. పరీక్ష కాకముందు పిల్లను గొడ్రాలు అనడం అన్యాయం. పరీక్ష అయి లోపం అబ్బాయిదని తేలిన తరువాత అబ్బాయిని మాటలనడం కూడా అంతే అన్యాయం. ఇది మగతనానికి తక్కువ కాదు. ఒంట్లోని కావలివాడు మనిషిని పోల్చుకోలేక చేసిన పొరపాటు. పిల్లవాడు సిగ్గుపడి పరీక్ష మానేస్తే, ఆ సిగ్గుకు పన్ను కట్టేది మళ్ళీ కోడలే.

కాబట్టి ఈ పండక్కి కొడుకూ కోడలూ ఇంటికి వచ్చినప్పుడు, "ఏమే, విశేషమేమైనా ఉన్నదా?" అని కోడలిని పదిమందిలో అడిగే బదులు, తండ్రో మేనమామో కొడుకును పెరట్లోకి పిలిచి, "నువ్వు కూడా ఒకసారి చూపించుకోరా అబ్బాయీ, తోడు నేనొస్తాను" అంటే చాలును. ఏ దేశపు మూలిక కొనేముందైనా చేయవలసిన పని అదే.